సంధ్యారాణి సెలవు చీటీలు

ఒక్క ఏడాదిలో సంధ్యారాణి ఐదుగురిని చంపింది. మొదట తాత పోయాడు. తర్వాత మేనత్త, ఆ తర్వాత మేనమామ. నాలుగో చావుకి వచ్చేసరికి నిజంగా ఉన్న బంధువుల మీద చెయ్యి రాక, లేని చిన్నమ్మనొకతెను పుట్టించి మరీ చంపింది. ఐదోసారి ఎవరిని చంపాలో తోచక మా ఇంటి మెట్ల మీద కూర్చుని నన్నే అడిగింది.

"అక్కా, మీ దిక్కు ముసలోళ్ళు ఎవరన్న ఉంటే చెప్పు. రాసి పడేస్త."

మా అత్తగారి తోడికోడలి పేరు చెప్పాను. పాపం, ఆవిడ ఇప్పటికీ రేపల్లెలో నిక్షేపంగా ఉంది.

ఈ చావులన్నీ కాగితం మీదే. హయత్‌నగర్ బస్సు డిపోలో ఇచ్చే సెలవు చీటీల మీద. సంధ్యారాణి ఆర్టీసీలో కండక్టరు. మన్సూరాబాద్‌లో మా ఇంటి పై గదిలో కిరాయికి ఉండేది. భర్త దశరథ ఆటోనగర్‌లో లారీ మెకానిక్కు. ఇద్దరిదీ నల్గొండ జిల్లా, మోత్కూరు పక్క పల్లె. మేము కృష్ణా నది అవతలి వాళ్ళం. మావారు భానుమూర్తి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతారు. నేను ఉదయలక్ష్మిని, ప్రైవేటు స్కూలు టీచర్ని. ఇంటికి పెద్దదిక్కు మా అత్తగారు హనుమాయమ్మ.

సెలవులెందుకో చెబుతాను. సంధ్యారాణికి పెళ్ళయి ఏడేళ్ళు, పిల్లల్లేరు. నెలసరి మూడు నెలలకోసారి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. గడ్డం కింద వెంట్రుకలు మొలిచేవి. మెడ వెనక నల్లబడింది. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు పైన, మొదటి అంతస్తులో ఉండే డాక్టరమ్మ స్కానింగు చేసి, అండాశయాల నిండా నీటి బుడగలున్నాయమ్మా, అందుకే అండం పెరగట్లేదు, విడుదల కావట్లేదు అని చెప్పింది. మందులతో పెంచాలి, ఎంత పెరిగిందో చూస్తూ ఉండాలి. నెలసరి వచ్చిన రెండో రోజున ఒక స్కానింగు, మళ్ళీ తొమ్మిదో రోజున, పదకొండో రోజున, పదమూడో రోజున. రెండో రోజు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియదు. డిపోలో డ్యూటీ చార్టు మాత్రం ముందే వేసేస్తారు. ఆఖరి నిమిషంలో సెలవు అడిగితే ఎవరూ ఎదురు చెప్పని కారణం ఒక్కటే ఉంది, చావు. మిగతా మూడు రోజుల సెలవులూ ఆ చావు తాలూకు కర్మల పేరు చెప్పి లాగేది.

డిపోలో సెలవులు చూసే గుమాస్తా చక్రపాణి. మనిషి చెడ్డవాడు కాదు గానీ నోరు ఊరుకోదు. నాలుగో చీటీ అందుకుని, "ఏమ్మా, మీ ఖాన్‌దాన్‌ల ఇంకెందరు మిగిలిన్రు?" అన్నాడట. చుట్టూ ఉన్న డ్రైవర్లు నవ్వారట. సంధ్యారాణి కూడా నవ్వి వచ్చేసింది.

"నిజం చెప్పేస్తే పోలా?" అన్నాను నేను.

"చెప్తే ఏమైతదో నీకు తెల్వదక్కా. పిల్లలు లేరంటే అయ్యో అంటరు. దవాఖానకు తిరుగుతున్నా అయితలేరంటే ఇంకో అయ్యో అంటరు. నాకు ఒక్క అయ్యోనే మోసుడు కష్టమైతుంది."

నాకు ఇద్దరు పిల్లలు. పెళ్ళయిన రెండో నెలలోనే నీళ్ళోసుకున్నదాన్ని. అలాంటి దాని నోటి నుంచి ఏ మాట వచ్చినా సలహాలాగే ఉంటుంది. ఆ సంగతి కూడా నాకు ఆలస్యంగానే తెలిసింది. మొదట్లో మెంతులు నానబెట్టుకుని తాగమని నేనూ చెప్పాను. ఆమె తాగింది కూడా.

ఆ డాక్టరమ్మ దగ్గరికి రెండు మూడు సార్లు తోడు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ నా ఒళ్ళు మండిపోయేది. పిల్లలు కావాలని వచ్చినవాళ్ళు కూర్చునే ఆ హాల్లో నాలుగు గోడల మీదా బోసినవ్వుల పిల్లల బొమ్మలు. ఎవరికి తట్టిందో ఆ ఆలోచన! మూడు గంటలు కూర్చోబెట్టి మూడు నిమిషాలు చూసేవారు. ప్రతిసారీ ఒకటే మాట, బరువు తగ్గాలి, రోజూ నడవాలి.

సంధ్యారాణి మెట్లు దిగుతూ గొణిగేది. "నడువాల్నంట. హయత్‌నగర్ నుంచి అఫ్జల్‌గంజ్ దాంక నేను కూసోని పోతున్ననా? ముందు డోరు నుంచి ఎన్క డోరుకు, ఎన్క డోరు నుంచి ముందు డోరుకు. దినాం ఎనిమిది ట్రిప్పులు. ఈ పాటికి తిరుపతి పోయి రావాలె నేను."

సుగర్ లేకపోయినా సుగర్ గోళీలు వేసుకోమన్నారు. ఈ జబ్బుకి అవి పనిచేస్తాయట. అవి వేసుకుంటే బస్సులో కడుపు తిప్పేది. అండం పెరగడానికి ఇచ్చే గోళీలు వేసుకుంటే తలనొప్పి, ఊరికే ఏడుపు. కండక్టరు టికెట్లు కొడుతూ ఏడిస్తే బాగుంటుందా? చిల్లర లేదన్నవాడి మీద అరిచి ఆ ఏడుపు అలా తీర్చుకునేది. నెలకి నెల ఇదే వరస. తొమ్మిదో రోజున అండం ఎనిమిది మిల్లీమీటర్లు. పదకొండో రోజున పది. పదమూడో రోజున మళ్ళీ పదే. పద్దెనిమిది దాకా పెరిగితేగానీ లాభం లేదు. "లేదమ్మా, ఈ నెల కూడా లేదు" అనేది స్కానింగు చేసే అమ్మాయి, హోటల్లో ఇడ్లీ అయిపోయిందని చెప్పినట్టు.

నాలుగుసార్లూ ఇలాగే పోయింది. ఐదోసారి డాక్టరమ్మ ఇంజక్షన్లు మొదలుపెట్టింది. ఈసారి కూడా పెరగకపోతే తన వల్ల కాదని, బంజారాహిల్స్‌లో పెద్ద ఆసుపత్రికి రాసిస్తానని చెప్పింది. అక్కడికి పోయే స్తోమత వాళ్ళకి లేదని ఆమెకీ తెలుసు, వీళ్ళకీ తెలుసు. అంటే ఇదే ఆఖరి నెల.

అది రెండువేల పదకొండు సెప్టెంబరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. రెండో రోజు స్కానింగు కోసం మా చుట్టాన్ని చంపిన మూడో నాడు ఆర్టీసీ కూడా సమ్మెలో దిగింది. బస్సులన్నీ డిపోల్లోకి వెళ్ళిపోయాయి. సంధ్యారాణి ఖాకీ చొక్కా వేసుకుని పొద్దున్నే డిపో ముందు టెంటుకి పోయి కూర్చునేది. సాయంత్రం గొంతు బొంగురు చేసుకుని వచ్చేది. మా ఇంట్లో మాత్రం టీవీ గొంతు తగ్గించుకుని వార్తలు చూసేవాళ్ళం. ఏమవుతుందో, ఈ ఇల్లు ఉంచుకుంటామో అమ్ముకుంటామో అని మావారు రోజూ ఏదో ఒక లెక్క వేసేవారు. నా ముఖం చూసి సంధ్యారాణి ఒకరోజు అంది, "ఏందక్కా, గట్ల బుగులు పడుతున్నవు? మా లొల్లి మీ మీద కాదు. మా కొలువులు, మా నీళ్ళు మాకు గావాలని. నువ్వు మంచిగ అన్నం తిను."

సమ్మెతో ఆమెకి ఒక సుఖం కలిగింది. "ఈ నెల ఇంకెవ్వర్ని సంపే పని లేదక్కా. సర్కారే సెలవిచ్చినట్టు" అని నవ్వింది. తొమ్మిదో రోజు వచ్చేసరికి ఆ నవ్వు పోయింది. సెలవైతే ఉంది గానీ దిల్‌సుఖ్‌నగర్ పోవడానికి బస్సేది? తను ఆపిన బస్సే తనకి లేకుండా పోయింది. ఆటోలు నాలుగింతలు అడుగుతున్నాయి. అందుకని నా స్కూటీ మీద తీసుకెళ్ళాను.

పదకొండో రోజున స్కానింగు గదిలోంచి ఆమె వచ్చిన తీరు నేను మర్చిపోను. చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, పదహారు!"

డాక్టరమ్మ కూడా మొదటిసారి నవ్వింది. ఎల్లుండికి పద్దెనిమిది దాటుతుంది, ఎల్లుండి సాయంత్రం సరిగ్గా ఆరింటికి ఇంకో ఇంజక్షన్ పడాలి, దానితో అండం విడుదలవుతుంది, ఆ తర్వాత రెండు రోజులు మొగుడూ పెళ్ళాం కలిసి ఉంటే చాలు అంది. "ఎల్లుండి మళ్ళీ బంద్ అంటున్నారు. నువ్వు రాగలవో లేదో, నేనైనా రాగలనో లేదో. ఇంజక్షన్ ఇప్పుడే తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టుకో. ఎవరైనా తెలిసిన కాంపౌండరు చేత వేయించుకో" అని, మందు నింపిన చిన్న సిరంజిని పెట్టెతో సహా ఐసు ముక్కల మధ్య థర్మాకోలు డబ్బాలో పెట్టించి ఇచ్చింది.

సంధ్యారాణికి ఫ్రిజ్ లేదు. మా ఫ్రిజ్‌లో కింది అరలో, వెనక్కి, ఒక స్టీలు డబ్బాలో పెట్టాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది. "పెద్దమ్మకు గూడ చెప్పకక్కా. మంచిదే, గానీ నోట్ల నువ్వుగింజ నానదు." అది నిజమే. మా అత్తగారికి తెలిస్తే సాయంత్రానికి కాలనీ అంతా తెలుస్తుంది. అందుకని చెప్పలేదు. ఆ ఒట్టు నిలబెట్టుకున్నందుకు నా చెంపలు నేనే వాయించుకోవాలి.

మర్నాడు స్కూలు తెరిచారు. ఆ రోజుల్లో వారానికి ఒక్కరోజు తెరిస్తే గొప్ప. నేను వెళ్ళాను. నవరాత్రులు మొదలవుతున్నాయని మా అత్తగారు ఇల్లు కడిగి, ఫ్రిజ్ కూడా ఖాళీ చేసి తుడిచారు. డబ్బాలో ఏదో మందు కనబడింది. ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకి రావు. మావారిదో నాదో అనుకున్నారు. గట్టు మీద ఆ థర్మాకోలు డబ్బా కూడా కనబడింది, అడుగున ఇంకా నీళ్ళున్నాయి. ఐసులో తెచ్చారంటే ఐసులోనే ఉండాల్సిన మందన్నమాట అనుకున్నారు. పైగా సమ్మె వల్ల కరెంటు రోజుకి మూడు నాలుగు గంటలు పోతోంది. ఆవిడ పుట్టింటివాళ్ళు రేపల్లెలో రొయ్యలకి ఐసు కొట్టి మద్రాసు పంపే వ్యాపారం చేసినవాళ్ళు. ఐసు తగ్గితే సరుకు పోయినట్టే అని చిన్నప్పటి నుంచీ విని పెరిగిన మనిషి. మందు పాడవకూడదని తీసుకెళ్ళి పై అరలో, గడ్డకట్టే చోట, ఐసు ట్రేల కింద భద్రంగా పెట్టారు. స్టీలు డబ్బా తోమి, తుడిచి, ఎక్కడిదక్కడ సర్దేశారు.

బంద్ రోజు సాయంత్రం నాలుగున్నరకి సంధ్యారాణి తలస్నానం చేసి కిందికి వచ్చింది. కాంపౌండరు బక్కయ్య ఐదుంపావుకే వస్తానన్నాడట. నేను వంటింట్లోకి వెళ్ళి డబ్బా తీశాను. మూత తీస్తే ఖాళీ.

"అత్తయ్యా, ఇందులో మందేది?"

"పైన ఐసులో పెట్టానమ్మాయ్. కరెంటు పోతోంది కదా, పాడైపోతుందని" అన్నారావిడ, పూజ గదిలో దీపం వత్తులు చేసుకుంటూ.

పై తలుపు తీశాను. పెట్టె మీద మంచు పేరుకుంది. లోపల సిరంజిలో మందు తెల్లగా గడ్డకట్టి ఉంది. పెట్టె మీద ఎర్ర అక్షరాలతో గడ్డకట్టించరాదని రాసి ఉంది, ఇంగ్లీషులో.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ సిరంజిని గుప్పిట్లో పట్టుకుని ఒక నిమిషం నిలబడ్డాను. నా చేతి వేడికి అది కరగడం మొదలైంది. కరిగితే ఎప్పటిలాగే ఉంటుంది, ఎవరికి తెలుస్తుంది? ఈ నెల కాకపోతే ఎప్పటిలాగే కాలేదనుకుంటుంది. మా అత్తగారికి మాట రాదు, నాకు మాట రాదు. ఇవన్నీ ఆ ఒక్క నిమిషంలో అనుకున్నాను. అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. వంటింటి గుమ్మంలో ఆమె జడ తుడుచుకుంటూ నా వైపు చూసి, "దొరికిందా అక్కా?" అంది. ఆ మాటకి నా నోరు దానంతటదే తెరుచుకుని జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. గుమ్మం పట్టుకుని నిలబడి, "టైమెంతయింది?" అని మాత్రం అడిగింది.

ఐదుకి పది నిమిషాలు తక్కువ. డాక్టరమ్మ దగ్గరికి ఫోన్ చేశాం. ఇంకొక ఇంజక్షన్ ఉంది, వస్తే నర్సు వేస్తుంది, కానీ బంద్ కాబట్టి ఆరింటికి షట్టర్ దించేస్తాం అన్నారు. దశరథకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. లారీ కింద పడుకున్నవాడికి ఫోన్ ఏం వినబడుతుంది? నాగోలు మీదుగా చుట్టూ తిరిగి పోదామంటే అటు టైర్లు కాలుతున్నాయని కిరాణా కొట్టతను చెప్పాడు. ఎల్బీనగర్ చౌరస్తా మీదుగా పోవలసిందే. బయటికి వెళ్ళొద్దని మావారు పొద్దున్నే నాకు చెప్పి ఉన్నారు. స్కూటీ తాళం తీసుకున్నాను. మా అత్తగారు ఏం జరిగిందో అర్థం కాక, వత్తులు చేతిలో పట్టుకుని గేటు దాకా వచ్చారు.

చౌరస్తా నిండా జనం. నాలుగు వైపులా రోడ్లు మూసేశారు. మధ్యలో బతుకమ్మలు పేర్చి ఆడవాళ్ళు ఆడుతున్నారు. మా వైపు రోడ్డుకి అడ్డంగా ఖాకీ చొక్కాలు వరుసగా కూర్చుని ఉన్నాయి. అంతా హయత్‌నగర్ డిపోవాళ్ళే. ముందు వరసలో, రోడ్డు మధ్య గీత మీద, బాసింపట్టు వేసుకుని చక్రపాణి.

"జర పోనియ్యి సార్. అర్జెంటు పనుంది" అంది సంధ్యారాణి, బండి మీద నుంచే.

"ఏమ్మా, పొద్దుగాల టెంటుకు రాకపోతివి, ఇప్పుడు స్కూటీ మీద సవారీ యాడికి?" అన్నాడు చక్రపాణి. తర్వాత పక్కవాళ్ళ వైపు తిరిగి, కన్ను గీటి, గట్టిగా అడిగాడు. "ఎవరు సచ్చిన్రమ్మా ఈసారి?"

గొల్లుమన్నారు అందరూ. ఏదో ఒక పేరు చెప్పేస్తుంది, చెప్పి బయటపడతాం అనుకున్నాను. చెబితే పోనిచ్చేవాళ్ళే. చావుకి దారివ్వని తెలుగువాడు లేడు.

సంధ్యారాణి బండి దిగింది.

"ఎవ్వరు సావలే సార్" అంది. టికెట్, టికెట్ అని అరిచే గొంతు అది. బతుకమ్మ దగ్గర ఆడవాళ్ళు కూడా తిరిగి చూశారు. "నేను రాసినోళ్ళు ఎవ్వరు సావలే. మా తాత నేను పుట్టకముందే పోయిండు. మేనత్త, మేనమామ మంచిగున్నరు. చిన్నమ్మ అసల్కే లేదు. పిల్లలు అయితలేరని దవాఖానకు తిరుగుతున్న. కడుపుల నీటి బుడగలున్నయి నాకు. గోళీలు మింగిన, సూదులేసుకున్న, మీ బస్సుల ఏడ్సుకుంట టికెట్లు కొట్టిన. ఇయ్యాల పదమూడో రోజు. ఆరింటికి సూది పడాలె. పడకపోతె నా పని ఒడిసినట్టే. సావు రాస్తే సెలవిస్తిరి. పుట్టుడు కోసమని రాస్తే ఇద్దురా? చెప్పు సార్, ఇద్దురా?"

ఎవరూ నవ్వలేదు. ఏడేళ్ళు దాచుకున్న మాట, మా అత్తగారికి కూడా చెప్పొద్దని ఒట్టేయించుకున్న మాట, ఎల్బీనగర్ చౌరస్తాలో నాలుగు రోడ్ల జనం మధ్య పడింది. ఆమె ముఖం ఎర్రబడి ఉంది. కళ్ళల్లో నీళ్ళు మాత్రం లేవు. నాకే ఆగలేదు.

ముందుగా కదిలింది బతుకమ్మల దగ్గరి ఆడవాళ్ళు. ఇద్దరు వంగి, రోడ్డుకి అడ్డంగా ఉన్న పెద్ద బతుకమ్మను పూవు రాలకుండా ఎత్తి పక్కకి పెట్టారు. చక్రపాణి లేచి ప్యాంటు దులుపుకున్నాడు. మా బండి ముందు నడవడం మొదలుపెట్టాడు, రెండు చేతులూ చాపి. "జరుగుండ్రి, జర జరుగుండ్రి" అని అరుస్తూ చౌరస్తా దాటించాడు. అవతల కొత్తపేట వైపు ఇంకో గుంపు ఉంటే అక్కడి వాళ్ళకి కూడా తనే చెప్పాడు. ఏం చెప్పాడో వినబడలేదు. వాళ్ళూ లేచారు.

ఆరింటికి మూడు నిమిషాలుండగా మెట్లెక్కాం. ఆరూ ఐదుకి ఇంజక్షన్ పడింది.

ఆ రాత్రి మా అత్తగారికి అంతా చెప్పాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. "చెప్పొద్దటే నాకు? చెబితే నెత్తిన పెట్టుకుని కాపాడేదాన్ని కదే" అన్నారు. "నెత్తిన కాదు, కింది అరలో పెట్టాలి" అని కసిరాను. పెద్దావిడని అలా అనకూడదు. కానీ ఆ రోజు నాకు అందరి మీదా కోపంగానే ఉంది. ఒక్క మాట అడక్కుండా సర్దిన ఆవిడ మీద, ఒక్క మాట చెప్పని నా మీద. అన్నిటికన్నా, ఒక ఆడది నడిరోడ్డు మీద తన కడుపు సంగతి అరిచి చెప్పుకుంటే తప్ప దారివ్వని ఆ వరస మీద. అప్పుడు అందరూ మంచివాళ్ళయిపోయారు, ఏం లాభం?

రెండు రోజుల్లో సంగతి మోత్కూరు దాకా పాకింది. సంధ్యారాణి అత్త అండాలమ్మ ఫోన్ చేసి గంటసేపు అయ్యో అంది. డిపో వాళ్ళు అయ్యో అన్నారు, కాలనీ వాళ్ళు అయ్యో అన్నారు. ఎల్బీనగర్‌లో మిర్చి బజ్జీలు వేసే ఆవిడ కూడా అయ్యో అని రెండు బజ్జీలు ఎక్కువ కట్టిందట. "ఎట్లున్నయి అయ్యోలు?" అని అడిగాను.

"అనుకున్నంత బరువు లేవక్కా. చెవులల్ల పడి పోతున్నయి అంతే."

పదహారు రోజులు ఆగాం. ఆగాం అంటున్నాను, ఎందుకంటే నేనూ ఆమెతో పాటు రోజులు లెక్కపెట్టాను. మా అత్తగారు తొమ్మిది రోజులూ అమ్మవారికి అదే మొక్కారు. ఇంత జరిగాక, బతుకమ్మే పక్కకి జరిగాక, కాకుండా ఎలా పోతుందని నాకు మొండి నమ్మకం. కథల్లో అయితే అయ్యేది. ఆర్టీసీ సమ్మె ముగిసి బస్సులు రోడ్డెక్కిన రోజు పొద్దున్నే సంధ్యారాణి కిందికి వచ్చి, చీపురు పట్టుకున్న నా ఎదురుగా నిలబడి, "వచ్చిందక్కా" అంది. ఏది వచ్చిందో అడగనక్కర్లేదు. నేను చీపురు విసిరి కొట్టాను. అది వెళ్ళి తులసి కోటకి తగిలింది.

ఆమె ఏడవలేదు. డాక్టరమ్మకి ఫోన్ చేసి వచ్చానంది. ఈసారి అండం పెరిగింది కాబట్టి పెద్ద ఆసుపత్రి మాట అప్పుడే వద్దు, ఇక్కడే మళ్ళీ ప్రయత్నిద్దాం, రేపు రమ్మని చెప్పిందట. డ్యూటీకి టైమవుతోందని, మెట్ల మీద కూర్చుని నన్ను ఒక కాగితం, పెన్ను అడిగింది.

ఆ తర్వాత పిల్లలు పుట్టారా అని మీరడుగుతారని నాకు తెలుసు. సంధ్యారాణి పేరెత్తితే అందరూ ముందు అదే అడుగుతారు. అడిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నేను చెప్పను. ఆమె సంగతి అడగండి, చెబుతాను. ఆ రోజు మోకాలి మీద కాగితం పెట్టుకుని, పెన్ను రాయకపోతే విదిలించి విదిలించి రాసిన చీటీ నాకు కంఠతా వచ్చు. తప్పులుంటే దిద్దమని నా చేతికిచ్చింది. దిద్దడానికేమీ లేదు.

"డిపో మేనేజర్ గారికి, కండక్టర్ సంధ్యారాణి నమస్కరించి రాయునది. పిల్లల కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో వైద్యం చేయించుకుంటున్నాను. రేపు నాకు రెండో రోజు, స్కానింగు ఉంది. తొమ్మిదో రోజు, పదకొండో రోజు, పదమూడో రోజు కూడా సెలవు కావాలి. మా ఇంట్లో అందరూ క్షేమం."